ఇంటికి తిరిగొచ్చిన బంటు

ఒక మనిషి తన రాజుని తన చేతులతోనే ఎట్టా చంపుకోవచ్చో, చంపుకున్నాక ఆ సంగతి దాచబోయి ఇంకెంత ఘోరంగా దొరికిపోవచ్చో తెలుసుకోవాలని మీకెప్పుడైనా అనిపించిందా? అనిపించకపోయినా చెబుతాను. ఈ ఘనత సాధించింది నేనే కాబట్టి, నాకంటే బాగా చెప్పేవాళ్లు పల్నాడు మొత్తం గాలించినా దొరకరు.

అప్పటికి నాకు ఇరవై రెండేళ్లు. నరసరావుపేటలో డిగ్రీ పూర్తిచేసి, బ్యాంకు పరీక్షలకి చదువుతున్నానని ఊరందరికీ చెబుతూ, పుస్తకం చాటున ఫోన్లో చదరంగం ఆడుతుండేదాన్ని. ఆ ఫోన్లో ఒక మరమనిషి బొమ్మ ఉండేది. దానికి పది లెవెళ్లు. నేను మూడో లెవెల్ దాన్ని ఓడించాను. ఆ రోజునుంచి నా నడకే మారిపోయింది. మా అమ్మ కూరలో ఉప్పు చూడమంటే, గంటె పట్టుకుని ఆలోచించేదాన్ని, అదేదో పెద్ద ఎత్తు వేయబోతున్నట్టు.

అసలు చదరంగం నాకు నేర్పింది మా పక్కింటి మస్తాన్ బాబాయ్. వరసకి బాబాయ్ కాదు, పిలుపుకి బాబాయ్. ఇంటి ముందు గదిలోనే ఆయనకి మోటార్లు చుట్టే షాపు ఉండేది. బోరు మోటారు కాలిపోతే బొల్లాపల్లి నుంచి బెల్లంకొండ దాకా రైతులు ఆయన దగ్గరికే తెచ్చేవాళ్లు. రాగితీగ చుట్లు కంటితో కాదు, వేలి కొసతో లెక్కపెట్టేవాడు. పక్కన పిడుగు పడినా లెక్క తప్పేది కాదు. నాకు ఏడేళ్లప్పుడు ఆ షాపు అరుగుమీద కూర్చోబెట్టి, రాజు ఎవరో మంత్రి ఎవరో చెప్పి, ఆఖర్న ఒక బంటుని నా అరచేతిలో పెట్టాడు.

"దీంతోనే జాగ్రత్త అమ్మడూ," అన్నాడు. "మంత్రిని తప్పు చోట పెడితే వెనక్కి తెచ్చుకోవచ్చు. గుర్రాన్నీ తెచ్చుకోవచ్చు. బంటు మాత్రం ముందుకి పోతే పోయినట్టే. వెనక్కి రాదు. అది వదిలిపెట్టిన గడులకి ఇంక కాపలా ఉండదు. రాజు ముందు బంటుని తోసేటప్పుడు అయితే చెయ్యి వెనక్కి కట్టుకుని పదిసార్లు ఆలోచించాల."

నేను బుద్ధిగా తలూపాను. ఊపిన తలకీ లోపలున్న దానికీ సంబంధం లేదని తర్వాత తెలిసింది.

బాబాయ్‌కి మాచర్లలో ఒక స్నేహితుడు ఉన్నాడు, కోటయ్య శెట్టిగారు. బట్టల కొట్టు. ఎప్పుడో వాళ్లింటి బావి మోటారు బాగుచెయ్యడానికి పోయిన బాబాయ్, అక్కడ చదరంగం బల్ల చూసి మోటారు సంగతి మరిచిపోయాడంట. ఆ రోజంతా శెట్టిగారింట్లో నీళ్లు లేవు, ఆట మాత్రం అయింది. అప్పట్నుంచి ఏడాదికి ఒక్కసారి, చలికాలంలో ఒక ఆదివారం, ఒకే ఒక్క ఆట. ఇరవై రెండేళ్లు ఒక్కసారి కూడా తప్పలేదు. పందెం కూడా ఉంది. బాబాయ్ వాళ్ల అబ్బ వడ్రంగం చేసేవాడు. ఆయన టేకు ముక్కలూ నల్లతుమ్మ ముక్కలూ అతికించి చేసిన బల్ల ఒకటుంది. ఆట గెలిచినవాళ్ల ఇంట్లో ఏడాదిపాటు ఆ బల్ల ఉంటుంది. తండ్రి చేసిన బల్లని పందెంలో పెట్టడమేందని నేనోసారి అడిగితే, "ఊరికే గోడకి తగిలిస్తే అది ఫోటో అయిపోతది. పోతా వస్తా ఉంటేనే అది బల్ల," అన్నాడు.

అయితే గత మూడేళ్లుగా బల్ల పోవడమే గానీ రావడం లేదు. మాచర్లలోనే ఉండిపోయింది. "శెట్టి ఈ మధ్య చానా బాగా ఆడతన్నాడు," అని మాత్రం అనేవాడు బాబాయ్.

ఆ ఏడు బాబాయ్‌కి కళ్లల్లో శుక్లాలు ముదిరాయి. డాక్టరు శనివారం ఒక కంటికి ఆపరేషన్ చేసి కట్టు కట్టాడు. సోమవారం విప్పుతానన్నాడు. రెండో కంటికి ఇంకా పొర ఉంది, దాంతో చూసినా చూడకపోయినా ఒకటే. ఆట చూస్తే ఆదివారం. శెట్టిగారు ఫోన్ చేసి వాయిదా వేద్దామన్నారు. బాబాయ్ ఒప్పుకోలేదు.

"ఇరవై రెండేళ్లు నడిచింది శెట్టీ. తప్పితే మళ్లీ కుదరదు. నేను రాలేకపోతే ఓడిపోయినట్టే రాసుకో," అన్నాడు.

ఆ మాట విని హసీనా పిన్ని మొహం చిన్నబోయింది. నేను అక్కడే ఉన్నాను. మూడో లెవెల్ బొమ్మని ఓడించిన మనిషిని కదా, ఊరుకోగలనా?

"నేను పోయి ఆడతా బాబాయ్. బల్ల తీసుకుని సాయంత్రానికి వచ్చేస్తా," అన్నాను, పక్కవీధికి పోయి పెరుగు తెస్తానన్నంత తేలిగ్గా.

బాబాయ్ కట్టున్న మొహం నావైపు తిప్పాడు. "ఒక్క మాటియ్యి అమ్మడూ. దూకుడుగా ఆడొద్దు. శెట్టికి తొందరపడేవాళ్లంటే మహా ఇష్టం. మెల్లగా ఆడు. రాజుని భద్రంగా పెట్టు. డ్రా అయినా పర్లేదు."

"సరే బాబాయ్," అన్నాను.

అనడమైతే అన్నాను గానీ, డ్రా అయితే బల్ల మాచర్లలోనే ఉంటుంది. నాకు కావలసింది బల్ల. అందుకని ఆదివారం పొద్దున కారంపూడి మీదుగా మాచర్ల పోయే బస్సెక్కి, కిటికీ పక్కన కూర్చుని, ఫోన్లో ఒక వీడియో పెట్టాను. 'ఇరవై ఎత్తుల్లో ఎదుటివాణ్ని చిత్తుచేసే ఓపెనింగ్' అని దాని పేరు. అందులో ఒకాయన ఊగిపోతూ చెబుతున్నాడు. రాజువైపున్న గుర్రం ముందు బంటుని రెండు గడులు తొయ్యండి. ఆ పక్కన ఏనుగు ముందు బంటుని కూడా రెండు గడులు తొయ్యండి. ఎదుటివాడి కోట మీదికి వరదలా పొండి. నాకు ఒళ్లు పులకరించింది. సరిగ్గా సగం అయ్యేసరికి కారంపూడి దాటాం, సిగ్నల్ పోయింది. పోతే పోయింది, అసలు విషయం అర్థమైందిగా అనుకున్నాను. సగం పెళ్లి చూసి పిల్లనెవరికిచ్చారో చెప్పే రకం నేను.

శెట్టిగారు మెట్ల దాకా ఎదురొచ్చారు. "రా అమ్మాయ్, మస్తాన్ ఎట్టా ఉన్నాడు? రాత్రి నిద్రపోయాడా? కన్ను నలపకుండా చూస్తన్నారా?" అని అన్నీ అడిగి, గారెలు పెట్టించి, అప్పుడు బల్ల తెచ్చారు. దాన్ని చూడగానే నాకు చేతులు తహతహలాడాయి. తెల్ల పావులు నాకే ఇచ్చారు.

మొదటి ఆరు ఎత్తులు బుద్ధిమంతురాలిలాగే వేశాను. ఏడో ఎత్తులో గుర్రం ముందు బంటుని రెండు గడులు తోశాను. శెట్టిగారు కళ్లజోడు సవరించుకున్నారు. తొమ్మిదో ఎత్తులో ఏనుగు ముందు బంటుని కూడా తోశాను. శెట్టిగారు ఈసారి కళ్లజోడు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నారు. నేను గెలుస్తున్నానని ఆయన కంగారుపడుతున్నట్టు నాకు తోచింది.

ఇంక రాజుని కోటలో పెట్టాలి కదా. బాబాయ్ చెప్పాడు, రాజుని భద్రంగా పెట్టమని. ఇచ్చిన మాట గుర్తొచ్చి, పెద్దమనిషి మాట నిలబెడదామని, రాజుని తీసుకెళ్లి ఆ రెండు బంట్లు వదిలేసి వచ్చిన మూలలోనే పెట్టాను. అంటే ఏంటో తెలుసా? ఇంటికి తలుపులూ కిటికీలూ పీకి ఎదురింటి మీదికి విసిరేసి, ఆ తర్వాత అదే ఇంట్లో పాలు పొంగించి కాపురం పెట్టడమన్నమాట.

శెట్టిగారు చాలాసేపు బల్లవంక చూశారు.

"అమ్మాయ్, రాజుని అక్కడే పెడతావా?"

"అవునండీ."

"ఇంకోసారి చూసుకోరాదా? నేను చూడనట్టే ఉంటాలే."

"చూసుకున్నానండీ," అన్నాను, ఆయన భయానికి జాలిపడుతూ.

ఆయన నిట్టూర్చి ఒంటెని తీసి ఒక మూల పెట్టారు. అది అక్కడ్నుంచి బల్లంతా అడ్డంగా దాటి నేరుగా నా రాజు గుమ్మంలోకి చూస్తోంది. తర్వాత గుర్రం వచ్చింది. తర్వాత మంత్రి వచ్చి నా ఏనుగు ముందు బంటుని తినేసి అక్కడే కూర్చుంది. అప్పుడు నేను నా బంట్లవంక చూశాను. బుద్ధి తెలిసి వెనక్కి పిలుద్దామంటే అవి రావు. బంటు తొయ్యనేల, రాజు దాచనేల అని పెద్దలు అనలేదు గానీ, నా ఆట చూసుంటే తప్పకుండా అనేవాళ్లు. ఇరవై రెండో ఎత్తులో ఆటకట్టు.

నేను తల దించుకున్నాను. ఓడినందుకు కాదు. పొద్దున నేను బయల్దేరేటప్పుడు, బాబాయ్ తడుముకుంటూ గుమ్మం దాకా వచ్చి, బల్ల పెట్టుకోడానికని ఉతికిన దుప్పటి ఒకటి మడతపెట్టి నా చేతికిచ్చాడు. అది నా ఒళ్లో ఉంది. మడత కూడా నలగలేదు. దాన్ని చూసేసరికి కళ్లనీళ్లు వచ్చేశాయి.

శెట్టిగారు పావులు డబ్బాలో పోశారు. డబ్బాతో సహా బల్లని ఆ దుప్పట్లోనే చుట్టి నా ముందు పెట్టారు.

"తీసుకుపో. నువ్వే గెలిచావని చెప్పు."

"అబద్ధమా అండీ?"

"కంటికి కట్టు కట్టుకుని మనిషి ఎదురుచూస్తా ఉంటాడమ్మా. ఈ ఒక్కసారికి చెప్పు. నేను కూడా అదే చెబుతాలే."

ఇప్పుడైతే వద్దనేదాన్ని. అప్పుడు, సిగ్గులేకుండా, తీసుకున్నాను. పైగా మాచర్ల బస్టాండు చేరేలోపే ఆ గెలుపు కాస్తో కూస్తో నాదేనని కూడా అనిపించడం మొదలైంది. తిరుగు బస్సులో మిగతా సగం వీడియో చూశాను. మొదటి మాటే, "గుర్తుంచుకోండి, ఈ ఓపెనింగ్‌లో మన రాజుని పొరపాటున కూడా ఇటువైపు పెట్టకూడదు." ఫోన్ సంచిలో పడేశాను.

సాయంత్రం ఐదింటికి బాబాయ్ ఇంట్లోకి అడుగుపెట్టి, "గెలిచా బాబాయ్, మంత్రితో కట్టేశా, నలభై ఎత్తుల్లో," అన్నాను. ముందే వల్లెవేసుకున్న మాటలు గనక తడబడలేదు.

బాబాయ్ నవారు మంచం మీద కూర్చునున్నాడు. రెండు చేతులూ చాపాడు. బల్ల ఒళ్లో పెట్టాను. అంచుల వెంట వేళ్లు పోనిచ్చుకుంటూ వెళ్లి ఒక మూల దగ్గర ఆగాడు.

"ఇక్కడ మా అబ్బకి ఉలి జారింది," అన్నాడు మెల్లగా. "మూడేళ్లయింది ఇది ఇంటికొచ్చి."

 అక్కడితో లేచి ఇంటికి పోయుంటే బాగుండేది. బాబాయ్ పోనిస్తాడా?

"హసీనా, టీ పెట్టు. అమ్మడూ, కూర్చో. మొదట్నుంచీ చెప్పు. ఒక్కో ఎత్తూ చెప్పు, నేను జరుపుతా."

"ఇప్పుడెందుకులే బాబాయ్, నువ్వు అలిసిపోతావు."

"పొద్దున్నుంచీ గోడవైపు తిరిగి పడుకునే ఉన్నా. అలిసిపోడానికి ఏముంది? చెప్పు."

వేలితోనే ముప్పై రెండు పావులూ తడిమి బల్ల మీద సర్దేశాడు. ఒక్కటి తప్పు లేదు. నేను చెప్పడం మొదలుపెట్టాను. అబద్ధం ఆడినా అతికినట్టు ఆడాలంటారు. నేనేమో సగం నిజానికి సగం అబద్ధం అతికిద్దామనుకున్నాను, ఆ అతుకు ఎక్కడ వేయాలో మాత్రం చూసుకోలేదు. మొదటి ఎత్తులన్నీ జరిగినవి జరిగినట్టే చెప్పాను. ఏడో ఎత్తు దగ్గర బాబాయ్ చెయ్యి ఆగింది.

"గుర్రం ముందు బంటుని తోశావా?"

"తోశా."

"రెండు గడులా?"

"రెండే."

"మెల్లగా ఆడతానని మాటిచ్చావు గదే."

"గెలిచాను కదా బాబాయ్."

"సరే, కానీయ్."

రాజుని కోటలో పెట్టానని చెబితే మళ్లీ చెయ్యి ఆగింది, తర్వాత రాజుని జరిపాడు. శెట్టిగారి మంత్రి వచ్చి బంటుని తినే దాకా నిజమే. అక్కడ్నుంచి నేను గెలవాలి. ఎట్టా గెలవాలి? ముందు ఆ మంత్రిని తరమాలి. నా బుర్ర పాదరసంలా పనిచేసింది.

"అప్పుడు నేను గుర్రం ముందు బంటుని ఒక్క గడి తోసి, మంత్రిని తరిమేశా."

"ఏ బంటుని?"

"గుర్రం ముందుదే."

మంత్రిని తరమాలంటే బంటు రాజు ముందున్న గడిలోంచే కదలాలి, బాబాయ్ వేలు ఆ గడిలోకి పోయింది. అక్కడేమీ లేదు. అక్కడ్నుంచి మెల్లగా ముందుకి పోయింది. ఒక గడి, ఇంకో గడి. అక్కడ బంటు తగిలింది. దాని తల మీద వేలు పెట్టి అట్టాగే ఉండిపోయాడు.

"ఇది ఇక్కడుందే అమ్మడూ."

నేను దుప్పటి మడతపెట్టడం మొదలుపెట్టాను.

"ఇందాక రెండు గడులు పోయింది గదా. మళ్లీ ఇంటికి ఎట్టా వచ్చింది? బస్సెక్కి వచ్చిందా?"

హసీనా పిన్ని టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలోనే నిలబడిపోయింది.  బాబాయ్ గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది.

"హసీనా, శెట్టికి ఫోన్ కలుపు. స్పీకర్లో పెట్టు."

శెట్టిగారు ఎత్తారు. "ఆ మస్తానూ, పిల్ల చేరిందా? చానా బాగా ఆడిందయ్యా."

"ఎట్టా కట్టింది నిన్ను?"

"ఏనుగుతో."

"నాకు మంత్రితో అని చెప్పిందే."

 "పక్కన మంత్రి కూడా ఉందిలే," అన్నారు శెట్టిగారు.

"ఎన్నో ఎత్తులో?"

"యాభై ఉంటాయేమో."

"నలభై అందే ఇది."

"గుడ్డ కొలిచేటప్పుడు కాస్త ఎక్కువే కొలవడం అలవాటు గదయ్యా."

నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చి, ఏదీ సరిగ్గా రాలేదు. బాబాయ్ బల్ల పక్కన పెట్టాడు.

"శెట్టీ, పిల్ల ఓడింది గదా."

"ఓడింది," అన్నారు శెట్టిగారు. "ఇరవై రెండు ఎత్తుల్లో."

"మరి బల్ల ఎందుకిచ్చి పంపావు? కంటికి కట్టుందని జాలా?"

"జాలి కాదు మస్తానూ. సిగ్గు."

ఆయన ఒక్కో మాటే వెతుక్కుంటూ చెప్పారు. "పోయినేడు నువ్వు నా ఒంటెని చూసి బంటనుకున్నావు. దాని ముందే నీ మంత్రిని పెట్టావు. అంతకుముందేడు నీ ఏనుగు ఎక్కడుందో నువ్వే వెతుక్కున్నావు. నీకు కనపడటంలేదని నాకు తెలుసు. తెలిసీ ఆడా, తెలిసీ గెలిచా. మూడేళ్లనుంచీ ఆ బల్ల మా వంటింటి గోడకి ఉంది. అన్నానికి కూర్చుంటే ఎదురుగా కనపడతది. ముద్ద దిగేది కాదు."

"తెలిస్తే అడగొచ్చు గదా."

"నువ్వే చెబుతావని చూశా."

"చెబితే నువ్వు నాకోసం తప్పు ఎత్తులు వేస్తావని చెప్పలా," అన్నాడు బాబాయ్.

 బాబాయ్ రెండో కంట్లోంచి నీళ్లు కారుతున్నాయి. పిన్ని గ్లాసులు కింద పెట్టి వచ్చి కొంగుతో అద్దింది. "ఏడవబాకండి, డాక్టరు వద్దన్నాడు," అంది.

"ఏడవటంలా. ఆ కంటికి పని లేక," అన్నాడు బాబాయ్.

నేను అప్పుడు మొత్తం చెప్పేశాను. సగం వీడియో, పీకేసిన తలుపులు, శెట్టిగారు రెండుసార్లు హెచ్చరిస్తే ఆయన భయపడుతున్నారనుకోవడం, అన్నీ. చెబుతుంటే స్పీకర్లోంచి శెట్టిగారు మొదట నవ్వారు. తర్వాత బాబాయ్ నవ్వాడు. కట్టు కదులుతుందని పిన్ని ఆయన తల రెండు చేతులతో పట్టుకుంది, ఆమె కూడా నవ్వుతూనే. నాకు మాత్రం, పరీక్ష తప్పినా ఇంట్లోవాళ్లు మిఠాయి పంచుతున్నట్టు ఉంది.

శిక్ష లేకుండా పోలేదు. "ఆట ఓడితే బల్ల అక్కడుండాల. వచ్చే ఆదివారం నువ్వే తీసుకెళ్లి ఇచ్చిరా," అన్నాడు బాబాయ్. వారం తిరిగేసరికి అదే దుప్పట్లో అదే బల్ల ఒళ్లో పెట్టుకుని మళ్లీ మాచర్ల పోయాను. వద్దని శెట్టిగారు, ఉంచాల్సిందేనని నేను. ఆఖరికి ఆయన తీసుకున్నారు, గోడకి మాత్రం తగిలించలేదు. "మస్తాన్ వచ్చి ఆడేదాకా బీరువాలో ఉంటది," అన్నారు.

రెండు నెలల తర్వాత, రెండో కంటికి కూడా ఆపరేషన్ అయ్యాక, బాబాయీ నేనూ కలిసి మాచర్ల పోయాం. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బోర్డులన్నీ పైకి చదువుతూనే ఉన్నాడు, ఎరువుల కొట్టు దగ్గర్నుంచి ఫోన్ కంపెనీ ప్రకటనల దాకా. నేను పక్కసీటు వాళ్లకి సంజాయిషీ చెప్పుకుంటూ పోయాను. శెట్టిగారు మెట్ల మీదే నిలబడున్నారు. బాబాయ్ ఆయన ఎదురుగా ఆగి, మొహంలోకి చాలాసేపు చూశాడు.

"ఏంది శెట్టీ, ఇంత ముసలాడివి ఎప్పుడయ్యావు?"

"నువ్వు చూడ్డం మానేసినప్పుడు," అన్నారు శెట్టిగారు.

ఆ రోజు ఆట మూడు గంటలు నడిచింది. శెట్టిగారు ఒక్క ఎత్తు కూడా దయతలిచి వెయ్యలేదు, నేను పక్కనే కూర్చుని కాపలా కాశాను. బాబాయ్ తన రాజు ముందున్న మూడు బంట్లలో ఒక్కదాన్ని కూడా కదపకుండా అరవై ఒకటో ఎత్తులో గెలిచాడు. బల్ల ఇంటికొచ్చింది. మరుసటి ఏడు మళ్లీ పోయింది, ఆ పై ఏడు మళ్లీ వచ్చింది. ఇప్పటికీ అట్టాగే పోతా వస్తా ఉంది.

నా సంగతంటారా? ఆ ఆదివారం సాక్షిగా మూడు ఒట్లు పెట్టుకున్నాను. ఏ వీడియో అయినా చివరిదాకా చూస్తాను. రాజు ముందు బంటుని ముట్టుకునే ముందు రెండు చేతులూ వెనక్కి కట్టుకుంటాను, దురద పెట్టినా సరే. ఇక మూడోది, అన్నిటికంటే కఠినమైనది. ఈ జన్మలో మస్తాన్ బాబాయ్‌కి అబద్ధం చెప్పను. తప్పనిసరై చెప్పాల్సి వస్తే, బంట్లు లేని అబద్ధం చూసి చెబుతాను.